పాలసీసాలు మార్చాను, డబ్బాలు మార్చాను... ప్లాస్టిక్ నుంచి పిల్లల్ని కాపాడే పని ఇంట్లోవాళ్లదేనా, ప్రభుత్వాలది కాదా?

చిన్నితల్లి
పాపకు ఏడో నెల. పుట్టకముందే "బీపీఏ ఫ్రీ" (బీపీఏ అనే రసాయనం లేనివి) అని రాసున్న పాలసీసాలు ఏరికోరి కొన్నాను. నిన్న ఒకటి కడుగుతూ కిటికీ వెలుతురులో పైకెత్తి చూశాను. లోపల అడుగున అంతా సన్నటి గీతలు. బ్రష్ తిరిగిన మేర ఆవిరి పట్టినట్టు తెల్లగా మసకబారి ఉంది, వేలితో తుడిస్తే పోలేదు. రోజూ మరిగే నీళ్లలో వేసి తీసింది నేనే. గీతలు పడ్డచోట ఉండాల్సిన ప్లాస్టిక్ ఎటు పోయినట్టు? రాత్రంతా అదే ఆలోచన.

గాజు సీసాలకు మారాను. డబ్బాలన్నీ స్టీలువి. అయినా నీళ్ల పైపు ప్లాస్టిక్, మందు సీసా ప్లాస్టిక్, నోట్లో పెట్టుకునే బొమ్మ ప్లాస్టిక్, కప్పుకునే దుప్పటి పాలిస్టర్. ఎన్నని మార్చను? అమ్మ జాగ్రత్తపడితే తీరిపోయే సమస్యేనా ఇది? ప్రభుత్వాలు చేయాల్సింది ఏమిటి, ఎక్కడైనా చేసి ఫలితం చూశారా? తెలిసినవాళ్లు చెప్పండి. "ప్లాస్టిక్ వాడొద్దు" అని మాత్రం రాయకండి, ఆ మాట విని విని అలసిపోయాను.

కిరణ్77
మా ఇంట్లోనూ ఇదే నడుస్తోంది. మా ఆవిడ మొన్న చెత్తబుట్ట కూడా స్టీలుది తెచ్చింది. ఇక మిగిలింది నా కళ్లజోడు.

సూటిప్రశ్న
అసలు జబ్బు వస్తుందని రుజువైందా? వారానికి ఒక క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ మింగుతున్నామని ఎక్కడ చూసినా రాస్తారు. అంతంత మింగితే డాక్టర్లకు కనిపించకుండా ఉంటుందా? తల్లుల్ని భయపెట్టి గాజు సీసాలు అమ్ముకునేవాళ్లు కూడా ఉంటారు, అది మర్చిపోవద్దు.

ల్యాబ్_గుడ్లగూబ
నీళ్లలో, ధూళిలో ఈ ప్లాస్టిక్ రేణువులు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. క్రెడిట్ కార్డు మాట వదిలేయండి. 2019లో వచ్చిన ఆ అంచనా వారానికి 0.1 గ్రాము నుంచి 5 గ్రాముల వరకు అని. అందులో పై అంకె ఒక్కటే లోకమంతా పాకింది. తర్వాత వేరేవాళ్లు వేసిన లెక్కల్లో అది ఎన్నో రెట్లు తక్కువని తేలింది.

లెక్కపెట్టడం ఎంత కష్టమో ఒక సంగతి చెబుతాను. ప్రతి విడతలో ఖాళీ శాంపిల్ ఒకటి పెడతాం, అంటే ఏ రేణువూ ఉండకూడని శుద్ధ జలం. ఒకసారి అందులో నీలం పోగు కనిపించింది. మర్నాడు మళ్లీ. వారం వెతికితే తేలింది ఏమిటంటే, తలుపు పక్కన కొక్కేనికి ఎవరో తగిలించిన పాలిస్టర్ ఫ్లీస్ జాకెట్. చేతి గ్లవ్స్‌కు ఉండే స్టియరేట్లు (సబ్బులాంటి పదార్థాలు) కూడా పరికరానికి పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్‌లాగే కనిపిస్తాయి. ఒంట్లోని కొవ్వుతోనూ అదే తంటా. అందుకే మెదడులో ఇన్ని గ్రాములు ఉందని వచ్చిన అంకెల మీద మా రంగంలోనే పెద్ద వాదన జరుగుతోంది.

అలాగని అంకె తప్పైతే సమస్యే లేదనుకోకండి సూటిప్రశ్న గారూ. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తదాతల్ని పరీక్షిస్తే 17 మంది రక్తంలో ప్లాస్టిక్ దొరికింది. 2024లో ఇటలీవాళ్లు మెడ ధమనిలో పేరుకున్న కొవ్వును ఆపరేషన్ చేసి తీసినప్పుడు పరీక్షించారు. 257 మందిలో 150 మందికి అందులో పాలీఇథిలీన్ ఉంది. దాదాపు మూడేళ్లు గమనిస్తే, రేణువులు ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టికే కారణమని ఆ పరిశోధన నిరూపించలేదు, ఆ మాట వాళ్లే రాసుకున్నారు. కానీ చదివిన రోజు నాకు తిండి సయించలేదు.

సూటిప్రశ్న
నిరూపించలేదని మీరే అంటున్నారు. మరి చట్టం దేన్ని పట్టుకుని చేస్తారు?

చట్టం_చదివా
రెండు విషయాలు కలిపేస్తున్నాం. రేణువులు వేరు, ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాలు వేరు. రేణువుల మీద పరిశోధన ఇంకా పసితనంలో ఉంది. "మైక్రోప్లాస్టిక్స్" అన్న పేరు వాడుకలోకి వచ్చిందే 2004లో ఒక సముద్ర పరిశోధన పత్రంతో. రసాయనాలు అలా కాదు. బిస్ఫినాల్-ఏ (అదే బీపీఏ), ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్ల మీద పాతికేళ్ల పైబడిన పరిశోధన ఉంది, చట్టాలూ ఉన్నాయి.

యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2011లో పాలసీసాల్లో బీపీఏ ఆపింది, అమెరికా 2012లో. అంతకుముందే కెనడా ఆపేసింది. 2023లో ఈయూ ఆహార భద్రతా సంస్థ బీపీఏ రోజువారీ పరిమితిని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. కిలో ఒంటి బరువుకు 4 మైక్రోగ్రాములు ఉండేది 0.2 నానోగ్రాములైంది. జర్మనీ ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ ఇంత తగ్గింపు ఒప్పుకోలేదు, గొడవ జరిగింది. అయినా 2024 డిసెంబరులో ఆహారానికి తగిలే వస్తువుల్లో బీపీఏను నిషేధిస్తూ ఈయూ నిబంధన తెచ్చింది. క్యాన్ల లోపలి పూత కూడా అందులోకే వస్తుంది. చట్టం చేయడానికి అందరూ ఏకమాట మీదికి రావాలని ఆగితే ఏదీ జరగదు.

చిన్నితల్లి
@చట్టం_చదివా గారూ, అయితే నా "బీపీఏ ఫ్రీ" సీసాకు అర్థం ఏమిటి? అందులో బీపీఏకి బదులు ఏముంది?

మోల్డింగ్_మూర్తి
నేను ప్లాస్టిక్ మోల్డింగ్‌లో 19 ఏళ్లుగా ఉన్నా. చెబుతా తల్లీ. సీసా అడుగున త్రికోణంలో 5 ఉందా చూడండి. ఉంటే అది పాలీప్రొపిలీన్. అందులో బీపీఏ ఏనాడూ లేదు. బీపీఏ ఉండేది పాలీకార్బొనేట్‌లో, గాజులా తళతళలాడే గట్టి రకం. లేనిదాన్ని లేదని రాసి అమ్ముతున్నారు, అంతే.

ఇంకో సంగతి. బీపీఏ తీసేసినచోట చాలామంది బీపీఎస్ పెట్టారు. అణువు ఆకారం దానికి అన్నదమ్ముడి వరస, పనితీరూ అంతే. ఆర్డర్ వస్తుంది, "ఫలానాది లేకుండా చేయండి" అని. ఫలానాది లేకుండా చేస్తాం. దాని బదులు ఏం వేశారని నన్ను ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఇది మనసులో పెట్టుకుని చాలా రోజులైంది, ఇక్కడ రాస్తున్నా.

నీలిమేఘం
కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది.

ల్యాబ్_గుడ్లగూబ
మూర్తి గారు చెప్పినదానికి కొలిచిన ఆధారమే ఉంది. అమెరికాలో 2008లో పిల్లల బొమ్మల్లో కొన్ని థాలేట్లను 0.1 శాతానికి కట్టడి చేశారు. అక్కడ జనం మూత్ర పరీక్షలు క్రమంగా చేస్తారు. 2001 నుంచి 2010 వరకు చూస్తే డీఈహెచ్‌పీ అనే థాలేట్ ఆనవాళ్లు తగ్గాయి. అదే సమయంలో దాని స్థానంలోకి వచ్చిన డీఐఎన్‌పీ అనే మరో థాలేట్ రెట్టింపుకు పైగా పెరిగింది. అంటే చట్టం పనిచేసింది, సందూ వదిలింది. ఒక్కో రసాయనాన్ని కాకుండా ఆ కుటుంబం మొత్తాన్ని పట్టుకోవాలి. ఈయూ కొత్త నిబంధన ఆ దారిలో కొంత నడిచింది, హానికరమని వర్గీకరించిన ఇతర బిస్ఫినాల్స్‌కూ అది వర్తిస్తుంది.

చిన్నితల్లి గారూ, సీసా గీతల గురించి. మీ అనుమానం ఉత్తిది కాదు. 2020లో డబ్లిన్ పరిశోధకులు పాలీప్రొపిలీన్ సీసాల్లో వేడి నీళ్లతో పాలు కలిపే పద్ధతిని పరీక్షిస్తే లీటరుకు 1.6 కోట్ల రేణువుల వరకు వచ్చాయి. వేడి పెరిగేకొద్దీ, ఊపేకొద్దీ ఎక్కువ. పాలు గాజు లేదా స్టీలు గిన్నెలో వేడి నీళ్లతోనే కలిపి, చల్లారాక సీసాలో పోయండి. క్రిముల కోసం ఆ వేడి అవసరం, అది మానొద్దు. సీసా మరిగించడం కూడా మానొద్దు. మరిగించాక, గాజు లేదా స్టీలు పాత్రలో కాచి చల్లార్చిన నీళ్లతో రెండు మూడుసార్లు కడిగేయండి.

చిన్నితల్లి
ఈ నాలుగు ముక్కలు సీసా అట్ట మీద రాయొచ్చు కదా. ప్రసూతి ఆసుపత్రిలో చెప్పొచ్చు కదా. నాకెవరూ చెప్పలేదు.

నర్స్_నైట్‌డ్యూటీ
ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి. నేను నెలలు నిండని పిల్లల వార్డులో చేస్తాను. తొమ్మిది వందల గ్రాముల బిడ్డ. ముక్కులో గొట్టం, బొడ్డులో లైను, నోట్లో శ్వాస గొట్టం. అరచేయంత ఒంటికి అన్ని గొట్టాలు. అవి అలా మెత్తగా వంగడానికి కారణం పీవీసీలో కలిపే డీఈహెచ్‌పీ. అది ప్లాస్టిక్‌ను అంటిపెట్టుకుని ఉండదు, కొవ్వున్న ద్రవం పారితే అందులోకి జారుతుంది. సిరలోకి ఎక్కించే ఆహారంలో కొవ్వు ఉంటుంది. మగశిశువులకు ముప్పు ఎక్కువని, వీలైనచోట వేరే రకం వాడమని 2002లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2024లో కాలిఫోర్నియా చట్టం చేసింది, సెలైన్ సంచుల్లో 2030 నుంచి, గొట్టాల్లో 2035 నుంచి ఉండకూడదని.

మా వార్డులో వేరే రకం గొట్టాలు తెప్పించమని నేను అడిగాను. "టెండర్‌లో లేదు" అన్నారు. టెండర్‌లో ఒక్క లైను మార్చితే ఎన్ని వందల బిడ్డలకు తేడా పడుతుందో. ప్రభుత్వ కొనుగోలు నియమాల్లో ఈ ఒక్క షరతు పెట్టినా కంపెనీలు తమంతట తామే మారతాయి.

అలాగని వార్డులో ప్లాస్టిక్ తీసేయమని నేను ఎప్పటికీ అనను. ఆ గొట్టం లేకపోతే ఆ బిడ్డ లేదు. రక్తం సంచుల సంగతీ అంతే, డీఈహెచ్‌పీ ఉంటే ఎర్ర కణాలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాలి.

కిరణ్77
జోకులేద్దామని వచ్చాను. ఇది చదివాక చేయి ఆడటం లేదు.

నీళ్లగది
నీటిశుద్ధి కేంద్రంలో ఇంజినీర్‌ని. కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. మైక్రోప్లాస్టిక్స్ మీద ఖర్చు పెట్టమని అడిగేముందు ఒకటి గుర్తుంచుకోండి, ప్రపంచంలో కనీసం 170 కోట్ల మంది మలంతో కలుషితమైన నీళ్లు తాగుతున్నారు. 2019లో డబ్ల్యూహెచ్‌ఓ నివేదిక చెప్పింది కూడా ఇదే, ముందు క్రిముల పని చూడండని. మంచి సంగతేమిటంటే రెండూ ఒకే దారిలో కుదురుతాయి. పటికతో మడ్డి పేర్చి ఇసుక గుండా వడకట్టే మామూలు శుద్ధి కూడా ఈ రేణువుల్లో చాలావాటిని ఆపుతుంది. మురుగుశుద్ధి సరిగ్గా చేస్తే 90 శాతానికి పైగా ఆగుతాయి. కొత్త మంత్రాలేవీ అక్కర్లేదు, ఉన్న ప్లాంట్లు సరిగ్గా నడిపితే సగం పని అయినట్టే.

ల్యాబ్_గుడ్లగూబ
@నీళ్లగది, ఇక్కడ మీతో ఏకీభవించను. ఆ 90 శాతం మనం చూడగలిగిన సైజుల లెక్క. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండే నానోప్లాస్టిక్స్ సంగతి వేరు. 2024లో కొలంబియా యూనివర్సిటీవాళ్లు బాటిల్ నీళ్లలో లీటరుకు సగటున 2.4 లక్షల రేణువులు చూశారు, అందులో 90 శాతం నానోలే. పాత పరికరాలకు అవి కనిపించనే కనిపించవు. పైగా మీ దగ్గర ఆగినవి ఎక్కడికి పోతాయి? బురదలోకి. ఆ బురద?

నీళ్లగది
పొలాలకు. ఒప్పుకుంటాను. ఎరువుగా వేస్తారు, తిరిగి మట్టిలోకే. అందుకే చివరన పట్టుకోవడం కంటే పుట్టేచోట ఆపడం మేలని నేనూ అంటాను. నాకు భయమల్లా, జనం కుళాయి నీళ్లు మానేసి బాటిళ్లు కొనడం మొదలుపెడతారేమోనని. అది పెనం మీద నుంచి పొయ్యిలోకి దూకడమే.

ఇంకోటి, కొలవందే కట్టడి చేయలేం. తాగునీళ్లలో మైక్రోప్లాస్టిక్ అంటే ఏమిటో 2020లో కాలిఫోర్నియా అధికారికంగా నిర్వచించింది, ప్రపంచంలో అదే మొదలు. ఈయూ 2024లో కొలిచే పద్ధతి ఖరారు చేసింది. ఒక్కో ల్యాబ్ ఒక్కో జల్లెడ పట్టుకుని కూర్చుంటే నా ప్లాంటు నీళ్లనూ ఇంకోరి నీళ్లనూ ఎలా పోలుస్తారు? పరీక్ష పద్ధతికి డబ్బులివ్వమంటే ఏ నాయకుడికీ ఉత్సాహం ఉండదు, రిబ్బన్ కత్తిరించడానికి అక్కడ ఏమీ ఉండదు మరి.

నీలిమేఘం
పుట్టేచోట అంటే నాకు మా బట్టల డ్రయర్ గుర్తొస్తుంది. జాలీ తీసి దులిపితే బూడిదరంగు దూది పొర వస్తుంది, కిటికీ ఎండలో ఆ నూగు గాల్లో తేలుతూ మెరుస్తుంది. ముందు అందంగా ఉందనుకున్నాను. పాలిస్టర్ దుప్పటి ఉతికిన రోజు అదని తెలిశాక ఊపిరి బిగబట్టి దులుపుతున్నాను. వాషింగ్ మెషీన్ నీళ్లతో పోయేదైతే మన కంటికే కనపడదు.

కొత్త మెషీన్లకు 2025 నుంచి ఫిల్టర్ ఉండాలని ఫ్రాన్స్ 2020 చట్టంలోనే రాసుకుంది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు సభలు దాటి 2023లో గవర్నర్ వీటో దగ్గర ఆగిపోయింది, ఖర్చు పెరుగుతుందని.

మోల్డింగ్_మూర్తి
ఆ ఫిల్టర్లో పట్టిన నూగుని సింకులో కడిగేస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే అమ్మా. బట్ట నేసేచోటే, అమ్మే ముందే ఫ్యాక్టరీలో ఓసారి ఉతికి ఆ నూగు పట్టుకోమనాలి. మొదటి కొన్ని ఉతుకుల్లోనే ఎక్కువ రాలుతుంది.

టైరు_పంక్చర్
బట్టలూ సీసాలూ సరే. టైర్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? నా వృత్తే అది. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లు ఉంటే, మార్చడానికి వచ్చేసరికి 2 కూడా ఉండదు. ఆ అరిగిన రబ్బరంతా రోడ్డు మీద, గాల్లో, వాననీళ్లలో ఉన్నట్టే కదా! అందులో సగం సింథటిక్ రబ్బరు, అదీ ప్లాస్టిక్ చుట్టమే.

ల్యాబ్_గుడ్లగూబ
బాగా గుర్తుచేశారు అన్నా. టైరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి వేరే పదార్థంగా మారుతుంది. అమెరికా పడమటి తీరంలో వాన పడ్డప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే ఎందుకు చస్తున్నాయో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. 2020లో తేలింది, ఇదే కారణమని. వాహన కాలుష్యం మీద ఈయూ తెచ్చిన యూరో 7 నిబంధనల్లో మొదటిసారి టైరు అరుగుదలకూ పరిమితి పెట్టారు. పొగగొట్టం నుంచి వచ్చేదే కాలుష్యం అనుకునే రోజులు పోయాయి.

వంపుస్ట్రా
నిషేధం అనగానే నాకు దడ. మా తమ్ముడికి కండరాల జబ్బు. వంగే ప్లాస్టిక్ స్ట్రా లేకపోతే సొంతంగా నీళ్లు తాగలేడు. కాగితంది పది నిమిషాల్లో నానిపోతుంది, స్టీలుది పళ్లకు కొట్టుకుంటుంది. చట్టాలు రాసేవాళ్లు ఇలాంటివాళ్లని అడిగి రాయండి. 2020లో ఇంగ్లండ్ స్ట్రాలు నిషేధించినప్పుడు అవసరమున్నవాళ్లకు మందుల షాపుల్లో దొరికేలా మినహాయింపు పెట్టింది. అలా చేయొచ్చు.

చిన్నితల్లి
@వంపుస్ట్రా, మీ తమ్ముడి స్ట్రా ఎవరూ లాక్కోకూడదు. నేను ఈ చర్చ మొదలుపెట్టింది అలాంటి వాటి కోసం కాదు. అవసరం లేనిచోట ఉన్నది ముందు పోవాలి.

చట్టం_చదివా
అవసరం లేనివాటిలో మొదట తీసేసినవి మైక్రోబీడ్స్. ముఖం రుద్దుకునే క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో కావాలని కలిపిన ప్లాస్టిక్ పూసలు. అమెరికా 2015 డిసెంబరులో చట్టం చేసి 2017 జులై నుంచి తయారీ ఆపింది. ఈయూ 2023లో గ్లిటర్‌తో సహా కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్స్ మీద పెద్ద నిబంధన తెచ్చింది. ఆటస్థలాల కృత్రిమ గడ్డిలో పోసే రబ్బరు గుళికలకు మాత్రం ఎనిమిదేళ్లు గడువిచ్చారు. పిల్లలు దొర్లేది అక్కడే. అంత గడువు ఎక్కువని నా అభిప్రాయం.

సూటిప్రశ్న గారు అడిగినదానికి ఇంకో జవాబు, సీసం పెట్రోలు. ఏ అమ్మా చూసి చూసి పెట్రోలు కొని బిడ్డ రక్తంలో సీసం తగ్గించలేదు. చట్టం తగ్గించింది. అమెరికాలో 1970ల చివరి నుంచి 1991కి జనం రక్తంలో సగటు సీసం 78 శాతం పడిపోయింది. పెట్రోలు, పెయింట్లు, డబ్బాల అతుకులు, అన్నీ కట్టడి చేశారు కాబట్టి.

సూటిప్రశ్న
సీసం విషమని వందల ఏళ్లుగా తెలుసు. పోలిక పూర్తిగా కుదరదు. కానీ థాలేట్లు, బిస్ఫినాల్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా, నర్సు గారి పోస్టు చదివాక. రేణువుల విషయంలో ఇంకా ఆధారం కావాలనే అంటా.

మోల్డింగ్_మూర్తి
ఆధారం కోసం ఎవరి ఒంట్లో చూడాలో నేను చెబుతా. పనివాళ్ల ఒంట్లో. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ పీల్చేది మేమే. పీవీసీ తయారయ్యే వినైల్ క్లోరైడ్ గ్యాసు సంగతే చూడండి. 1974లో అమెరికాలో ఒక ఫ్యాక్టరీ పనివాళ్లలో కాలేయానికి చాలా అరుదైన క్యాన్సర్ వరసగా బయటపడింది. అదే ఏడాది పరిమితిని 500 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 500 వంతులు) నుంచి 1 పీపీఎంకి దించారు. పరిశ్రమ మూతపడుతుందని గోలపెట్టారు. మూతపడలేదు, గ్యాసు బయటికి రాకుండా యంత్రాలు మార్చుకున్నారు. నైలాన్ నూగు కత్తిరించే ఫ్యాక్టరీల్లో ఊపిరితిత్తుల జబ్బు ఒకటి ఉందని 1990ల్లో గుర్తించారు, "ఫ్లాక్ వర్కర్స్ లంగ్" అని దానికి పేరే ఉంది. రేణువు పీల్చితే ఏమవుతుందని అడిగేవాళ్లు ముందు ఆ రిపోర్టు చదవాలి.

నేను పనిచేసే చోట గ్రైండర్ దగ్గర కుర్రాడు గుడ్డ ముక్క కట్టుకుంటాడు. షిఫ్టు దిగేసరికి కనుబొమలు తెల్లగా ఉంటాయి. సరైన మాస్కు, గాలి లాగే గొట్టం పెట్టమని మూడుసార్లు రాసిచ్చాను. నాలుగోసారీ రాస్తా.

నర్స్_నైట్‌డ్యూటీ
మూర్తి గారూ, ఆ అబ్బాయికి ఏడాదికోసారి ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష చేయించమని కూడా అందులో రాయండి. ఇప్పుడు చేయించి ఆ అంకెలు దాచిపెడితే, తర్వాత తగ్గిందో లేదో తెలుస్తుంది.

మోల్డింగ్_మూర్తి
రాస్తానమ్మా. ఇది నాకు తట్టలేదు.

కిరణ్77
ప్రపంచమంతా కలిసి ఒప్పందం చేసుకుంటున్నారని విన్నా, అదేమైంది?

చట్టం_చదివా
2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో తీర్మానం చేశారు. 2024 చివర్లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో తేలలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ తేలలేదు. ఉత్పత్తికి పరిమితి పెట్టాలా, చెత్త ఎత్తడంతో సరిపెట్టాలా అన్నచోటే పీటముడి. ప్లాస్టిక్‌లో 16,000కు పైగా రసాయనాలు వాడుకలో ఉన్నట్టు 2024లో జాబితా తయారైంది, వాటిలో 4,200కు పైగా ఆందోళన కలిగించేవి. ఏ వస్తువులో ఏముందో బయటపెట్టాలన్న షరతు ఒక్కటి ఒప్పందంలోకి వచ్చినా చిన్నితల్లి గారి ప్రశ్నకు జవాబు సీసా మీదే ఉండేది.

చిన్నితల్లి
అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. మూర్తి గారు చెప్పినట్టు సీసా అడుగున చూశాను, 5 ఉంది. కంపెనీకి మెయిల్ పెట్టాను: "మీ సీసాలో, పాలపీకలో, రంగులో ఏమేం కలిపారు? మరిగించినప్పుడు రేణువులు ఎన్ని రాలతాయో పరీక్షించారా?" ఇవాళ జవాబు వచ్చింది. ఒకే వాక్యం: "మా ఉత్పత్తి వర్తించే అన్ని ప్రమాణాలకు అనుగుణంగా ఉంది."

మోల్డింగ్_మూర్తి
ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు తల్లీ. మళ్లీ రాయండి. ఈసారి ఏ ప్రమాణం, దాని నంబరు ఏమిటి, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్నిసార్లు మరిగించి పరీక్షించారు, ఇవి విడివిడిగా అడగండి. ప్రమాణాలు చూసే ప్రభుత్వ విభాగానికి కాపీ పెట్టండి.

ల్యాబ్_గుడ్లగూబ
కొత్త సీసాతో పరీక్షించారా, వందసార్లు కడిగిన తర్వాతదా అని కూడా అడగండి. ఆ గీతలు పడ్డ సీసా పారేయకండి, ఫొటో తీసి తేదీ వేసి ఉంచండి.

చిన్నితల్లి
తీసి పైన పెట్టాను. పాప పడుకుంది, ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను. పంపే ముందు ఇక్కడ పెడతాను, తప్పులుంటే దిద్దండి.